మూగజీవాల చిత్రాలు – మన పిల్లల ప్రశ్నలు



ప్లాటినం జూబిలీ సభలో సినిమాల ప్రసక్తి ఏల అని కొందరికి అనిపించవచ్చు. ఇంటిల్లిపాదీ కలిసి చూసే చిత్రాలలో ఏనుగో, కుక్కో ముఖ్యపాత్ర వహించేవి కొన్ని ఉన్నాయి. పిల్లల వినోదమే కదా అని మనం నిశ్చింతగా ఉంటాము. కాని అధికారం, ఆకలి, దోపిడి, విధేయత – ఇవన్నీ ఆ చిత్రాలలో ఉన్నాయి. పాఠ్యపుస్తకం వలెనే అవీ బోధిస్తాయి.

ఇది మనకు కొత్త కాదు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలోని సింహము, ఎద్దు, నక్కల కథ రాజకీయ కథయే. రాజుకూ మిత్రునికీ నడుమ చిచ్చుపెట్టే దమనకుని వంటివారు ఏ కాలంలోనైనా ఉంటారు. జంతువును చూపి మనిషిని విమర్శించే ఆ సంప్రదాయాన్నే చలనచిత్రం అందిపుచ్చుకున్నది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో రాజ్‌కుమార్ నటించిన కన్నడ చిత్రం 'గంధద గుడి', 1977లో ఎన్.టి. రామారావు నటించిన 'అడవి రాముడు' వెలువడ్డాయి. రెండింటిలోనూ కథానాయకుడు అటవీ అధికారి. అడవిని దోచుకొనేవారు ప్రతినాయకులు. అడవి అందరి సొత్తు అనే భావం సామాన్య ప్రేక్షకునికి చేరింది. అయితే ఒక్క వీరుని పిడికిలితో సమస్య తీరిపోయినట్లు చూపినందువలన మన అందరి బాధ్యత మరుగున పడింది.

1971 నాటి హిందీ చిత్రం 'హాథీ మేరే సాథీ'లో ఏనుగు యజమాని కోసం ప్రాణమిస్తుంది. ఆ దృశ్యానికి కంటతడి పెట్టనివారు అరుదు. కాని యజమాని కోసం మరణించడమే సేవకుని ఘనత అనే భావం పసిమనసులో నాటుకొనవలెనా? ఎస్.వి. కృష్ణారెడ్డి దర్శకత్వంలో 1993లో వచ్చిన 'రాజేంద్రుడు-గజేంద్రుడు' మరొక వైపు చూపింది. లాటరీలో ఏనుగును గెలుచుకున్న పేద యువకుడు దాని కడుపు నింపలేక సతమతమవుతాడు. నవ్వుల నడుమ పేదరికం పలికింది. పోషించవలసిన బాధ్యత యజమానిదే అన్న మాట కూడా వినిపించింది.

2022లో తెలుగులోనూ విడుదలైన కన్నడ చిత్రం '777 చార్లీ' లాభం కోసం కుక్కలను బంధించి ఈనించే వ్యాపారాన్ని ఎత్తిచూపింది. ఆ చిత్రానికి కర్ణాటక ప్రభుత్వం పన్ను మినహాయింపు నిచ్చింది. తెర వెనుక కూడా జంతువుకు రక్షణ అవసరమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం క్రింద 2001లో వచ్చిన నియమాల ప్రకారం, చిత్రీకరణలో జంతువులను వినియోగించాలంటే ముందుగా నమోదు తప్పనిసరి.

ఇక మన ముంగిటికి వద్దాం. ఏరువాక పున్నమిని ఇక్కడ కారహుణ్ణిమె అంటాము. ఎద్దులను కడిగి, రంగులు పూసి, పూజిస్తాము. రాయచూరులో వాటిచే బండలు లాగించే పోటీలూ జరుగుతాయి. పూజకూ శ్రమకూ గల సంబంధమేమని పిల్లవాడు అడిగితే మందలించకండి. ఆ ప్రశ్నకు జవాబు వెదకడం పెద్దల పని.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. సినిమా ముగిసిన తరువాత పిల్లలతో కొంతసేపు మాట్లాడండి. ఆజ్ఞాపించినది ఎవరు, శ్రమించినది ఎవరు, ఫలం ఎవరికి దక్కింది, నోరులేని దాని పక్షాన పలికినది ఎవరు అని అడగండి. ఏనుగు గురించి ఇలా ఆలోచించిన బిడ్డ, బడి మాని పత్తి చేనుకు పోయే తోటి పిల్లను చూసినప్పుడు ఊరకుండదు. ఆ పిల్లకు నోరున్నది; ఆమె మాట వినేవారు కావాలి. అలా వినే చెవిని, మాతృభాషలో నిర్భయంగా అడిగే నోటిని మన బిడ్డలకు ఇవ్వగలిగిననాడే ఈ ఉత్సవం సార్థకమవుతుంది.