కూర్చోలేని జబ్బు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకోసం మెత్తటి కుర్చీ ఒకటి వేయించారు. వారికి ధన్యవాదాలు. కానీ నేను నిలబడే మాట్లాడతాను. ఎందుకు నిలబడతానో చెప్పడమే ఈ పూట నా ప్రసంగం. "ఆరోగ్యం మీద పావుగంట మాట్లాడండి" అన్నారాయన. బి.పి., షుగరు గురించి చెప్పడానికి ఇక్కడ డాక్టర్లు ఉన్నారు. నాకు బాగా తెలిసింది ఒకే ఒక్క జబ్బు. అది చెప్పాలంటే, నలుగురిలో పేరెత్తని చోటు గురించే చెప్పాలి. ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్న సభ. మర్యాద దాటను, అలాగని దాచను కూడా.

మాది శ్రీకాకుళం జిల్లా. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో ఇరవయ్యారేళ్ళు చేశాను. కాశ్మీరు చూశాను, ఈశాన్య రాష్ట్రాలు చూశాను. 2013లో బస్తరు పోస్టింగు వచ్చింది. దోర్నపాల్ నుంచి జగర్‌గుండా వెళ్ళే దారిలో మా క్యాంపు. దోర్నపాల్ సంతకి పోతే ప్రాణం లేచొచ్చేది, ఎందుకంటే అక్కడ చింతపండు అమ్మే దోర్ల ఆడవాళ్ళు మనతో తెలుగులోనే బేరమాడతారు. క్యాంపుకి వెళ్ళే దారి మాత్రం అప్పట్లో రోడ్డు అనడానికి లేదు.

బస్తరులో పనిచేసినవారికి చెప్పక్కర్లేదు, మిగిలినవారికి చెప్పాలి. అప్పట్లో అక్కడ పెద్ద బండి ఎక్కడమంటే మందుపాతరకి ఎదురెళ్ళడమే. అందుకని నడక, లేకపోతే మోటారు సైకిలు. బండికి ఇద్దరేసి, బండికీ బండికీ మధ్య దూరం. వంటి మీద జాకెట్టు, రైఫిలు, మ్యాగజైన్లు, రెండ్రోజుల రేషను, నీళ్ళు. గోతిలో బండి పడ్డ ప్రతిసారీ ఆ బరువంతా మనం కూర్చునే ఎముకల మధ్య పడుతుంది. నేను బండిని తిట్టడం లేదు. బండ్ల వల్ల బతికిన ప్రాణాలు చాలా ఉన్నాయి. 2021 జనవరిలో డి.ఆర్.డి.ఓ. వారి ప్రయోగశాల తయారుచేసిన 'రక్షిత' బైకు అంబులెన్సులు సి.ఆర్.పి.ఎఫ్.కి ఇచ్చారంటే, అలాంటి దారుల్లో గాయపడ్డవాణ్ణి మోసుకురాగలిగింది మోటారు సైకిలేనని. నా వరకు ఆ సీటే నా జబ్బుకి మొదలు అయ్యింది, అంతే.

2014 వానాకాలంలో మొదలైంది. ముందు గోలీకాయ మీద కూర్చున్నట్టు ఉండేది. తర్వాత మంట, పచ్చిమిరపకాయ రాసినట్టు. తర్వాత కరెంటు షాకు లాంటి పోట్లు. కూర్చుంటే నరకం. లేచి నిలబడితే కాసేపటికి తగ్గుతుంది. పడుకుంటే ఇంకా తగ్గుతుంది. రాత్రి నిద్ర పడుతుంది! అదే నా కొంప ముంచింది. ఫాలిన్‌లో నిటారుగా నిలబడతాడు, పెట్రోలింగులో పదిహేను కిలోమీటర్లు నడుస్తాడు, సైనిక్ సమ్మేళనంలో నేల మీద కూర్చోమంటే మాత్రం మెలికలు తిరుగుతాడు. ఎవరు నమ్ముతారు? "ఉస్తాద్ గారికి ఆఫీసరు మాట్లాడితేనే నొప్పి వస్తుంది" అని బ్యారెక్కులో నవ్వుకునేవారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి.

లీవులో వచ్చినప్పుడు వైద్యం మొదలెట్టాను. ఒకచోట మొలలన్నారు. ఇంకోచోట ప్రాస్టేటు వాపని యాంటీబయాటిక్ మూడు కోర్సులు మింగించారు. నడుము ఎం.ఆర్.ఐ. తీస్తే శుభ్రంగా ఉంది. "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని అడిగినాయన కూడా ఉన్నాడు. వాళ్ళని తప్పుపట్టడానికి ఇక్కడికి రాలేదు. అసలు తప్పు నాది. వెళ్ళిన ప్రతిచోటా "నడుము నొప్పి" అని చెప్పాను. నొప్పి నడుములో కాదు. మలద్వారానికీ, మూత్రం పోసుకునే చోటికీ మధ్యన. ఆ మాట నోటికి రాక నడుము మీదకి నెట్టేశాను. నడుము అన్నవాడికి నడుముకే కదా వైద్యం చేస్తారు? ఆ ఒక్క మాటకి మూడేళ్ళు పోయాయి. మా ఆవిడ దగ్గర కూడా అదే మాట. భార్యాభర్తల మధ్య దూరం పెరిగింది. కారణం తనేననుకుని ఆవిడ లోపల్లోపల ఏడ్చుకుంది. అది నాకు చాలా తర్వాత తెలిసింది.

ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. 2017 వేసవిలో ఒక రాత్రి సెంట్రీ డ్యూటీలో, చేతిలో ఆయుధం ఉండగా, చెడ్డ ఆలోచన వచ్చింది. డ్యూటీ మారేదాకా నిలబడ్డాను. తెల్లారగానే రైఫిలు కోత్‌లో జమచేసి, తిన్నగా మా కంపెనీ కమాండరు దగ్గరికి పోయి, "సాబ్, నాకు ఫలానా చోట నొప్పి, మూడేళ్ళ నుంచి. నిన్న రాత్రి నా బుర్ర బాగులేదు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ మనిషి నవ్వలేదు. టీ తెప్పించాడు. నన్ను ఒంటరిగా వదలొద్దని ఒక జవానుని తోడిచ్చి, మూడోరోజుకల్లా వైద్యానికి పంపించాడు.

హైదరాబాదులో నొప్పుల వైద్యం చేసే డాక్టరమ్మ ఒకావిడ చూశారు. ఎం.ఆర్.ఐ. ఫైలు పక్కన పెట్టి ముందు ప్రశ్నలు వేశారు. సరిగ్గా ఏ చోట? కూర్చుంటే పెరుగుతుందా? నొప్పి వల్ల రాత్రి నిద్రలోంచి మెలకువ వస్తుందా? ఆ చోట స్పర్శ పోవడం ఉందా? మొదటి రెండింటికీ అవును, తర్వాతి రెండింటికీ కాదు అన్నాను. "కమోడు మీద కూర్చుంటే కుర్చీ కంటే నయంగా ఉంటుందా?" అని కూడా అడిగారు. ఆ మాటకి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఈ సంగతి ఈవిడకెలా తెలుసు? తర్వాత సి.టి.లో చూస్తూ నరం దగ్గర మత్తు సూది వేశారు. ఆ రోజు సాయంత్రం మూడు గంటలసేపు మామూలు మనిషిలా కుర్చీలో కూర్చున్నాను. ఈ ప్రశ్నలూ, ఈ సూదీ ఆవిడ సొంతం కాదట. ఫ్రాన్సులో నాంత్ అనే ఊరి వైద్యులు 2008లో అచ్చువేసిన ఐదు గుర్తులవి.

జబ్బు పేరు పుడెండల్ న్యూరాల్జియా. వెన్ను చివర త్రికాస్థి దగ్గర రెండు, మూడు, నాలుగు వేర్ల నుంచి ఈ నరం పుడుతుంది. రెండు గట్టి లిగమెంట్ల మధ్య నుంచి దూరి, మనం కూర్చునే ఎముక లోపలి పక్కన ఒక సన్నటి కాలువలో నడుస్తుంది. మలమూత్రాల చోటికి స్పర్శా, అదుపూ ఇచ్చేది ఇదే. ఇరుకు సందుల్లో అది నలిగితే ఈ నొప్పి. 1987లోనే ఫ్రాన్సు డాక్టర్లు సైకిలు తొక్కేవాళ్ళలో దీన్ని గుర్తించి రాశారు. పేరుకి అర్థం అడిగాను. లాటిన్‌లో 'సిగ్గుపడవలసినది' అనట. నరానికే ఆ పేరు పెట్టారంటే ఇక మనమెంత!

ముందు మందులు, వ్యాయామం, సూదులు. ఆరు నెలలు. తగ్గింది గానీ నిలబడలేదు. అప్పుడు ఆపరేషను మాట వచ్చింది. డాక్టరు గారు నాకు అబద్ధం చెప్పలేదు. 2005లో వచ్చిన ఆ నాంత్ వాళ్ళ పరిశోధనలో ఉన్నది 32 మందే. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషను చేయించుకున్నవారిలో నూటికి 71 మందికి మెరుగు, చేయించుకోని వారిలో 13 మందికి. "అంటే ఆపరేషనయినా నూటికి ముప్ఫై మందికి గుణం కనపడలేదు, ఆలోచించుకోండి" అన్నారు. మా ఆవిడకి అప్పుడే మొత్తం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "మూడేళ్ళు నడుమని చెప్పారేటండీ నాతో" అంది. అంతే. సంతకం తనే పెట్టింది.

2018 జనవరిలో ఆపరేషను జరిగింది. పిరుదు దగ్గర కోసి, కండరం పోగులు విడదీసి, నరాన్ని నొక్కుతున్న లిగమెంటుని కోసి దానికి చోటు చేశారు. నాలుగోరోజు ఇంటికి పంపారు. ఇక నొప్పి పోయిందనుకుని వెళ్ళాను. పదో రోజుకి ముందుకంటే రెట్టింపు! మోసపోయానని గోడకేసి తల కొట్టుకున్నాను. ఫోను చేస్తే, "నరం రోజుకి మిల్లీమీటరు చొప్పున కోలుకుంటుంది, అది విసుక్కున్నప్పుడు ఇలాగే ఉంటుంది, ఏడాది ముందు లెక్క వేయకండి" అన్నారు. ఆ మాట ఆపరేషనుకి ముందు కూడా చెప్పారు. నా చెవికి ఎక్కలేదు.

రెండు నెలలు మా ఊళ్ళో, తర్వాత జగ్‌దల్‌పూర్ క్వార్టరుకి. విశాఖ నుంచి కిరండోల్ రైలు ఎక్కాం. బస్సయితే కూర్చోవాలి, రైల్లో అయితే పడుకోవచ్చు. పక్కకి తిరిగి పడుకుని అరకు లోయ సొరంగాలు లెక్కపెట్టాను. ఆ లైనులో 58 అంటారు. నాకు 41 దగ్గర నిద్ర పట్టేసింది.

కోలుకోవడం ఎలా ఉంటుందో యువకులు వినాలి, ఎందుకంటే మనవాళ్ళకి కోలుకోవడమంటే పీ.టీ. చేయడమే. నేనూ అలాగే గుంజీళ్ళు తీద్దామనుకున్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి, మా అమ్మాయి వయసుంటుంది, గట్టిగా కోప్పడింది. "అంకుల్, మీ కండరాలు బలం లేక కాదు, భయంతో బిగుసుకుపోయి ఉన్నాయి. బిగించడం కాదు, వదలడం నేర్చుకోండి" అంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, కడుపు నిండా ఊపిరి తీసి, విడుస్తున్నప్పుడు కింది భాగాన్ని వదిలేయడం. పూటకి పది నిమిషాలు. ఇరవై ఏళ్ళు 'సావధాన్'లో బతికినవాడికి 'విశ్రామ్' ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నేను స్కూటరు ట్యూబులో గాలి కొట్టి దాని మీద కూర్చునేవాణ్ణి. అదీ తీయించింది. గుండ్రటి రింగు అక్కర్లేదు, గుర్రపు నాడా ఆకారంలో మధ్యన ఖాళీ ఉన్న దిండు కావాలంది. జగ్‌దల్‌పూర్‌లో పరుపులు కుట్టేవాడి చేత గట్టి ఫోము కోయించాను. ఎనభై రూపాయలు.

కూర్చోవడం రోజుకి మూడుసార్లు, ఐదేసి నిమిషాలు. వారం బాగుంటే ఒక నిమిషం కలపడం. ఇసబ్‌గోలు, రాగిజావ, నీళ్ళు... ముక్కడం అనేది ఉండకూడదు. ప్రీగాబాలిన్ మాత్ర నా అంతట నేను ఆపకూడదు, డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గించాలి. పొద్దున్నే దల్పత్ సాగర్ చెరువు గట్టు మీద నడక. ఇప్పపూల కాలం అది. సంతకి తెచ్చిన ఇప్పపూల వాసన గాలిలో ఉండేది. ఒక పాత రోల్‌కాల్ రిజిస్టరులో రోజూ నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసుకునేవాణ్ణి. రోజూ చూస్తే ఏమీ తేడా లేదు. నెలకోసారి వెనక్కి తిరగేస్తే తేడా ఉంది.

మెడికల్ బోర్డు వారు ఇరవై నాలుగు వారాలు లో మెడికల్ కేటగిరీలో పెట్టారు. షేప్-1 పోయిందని చిన్నతనంగా అనిపించింది. కంట్రోలు రూములో డ్యూటీ ఇచ్చారు. మా వడ్రంగి జవాను ఖాళీ పెట్టెల చెక్కతో ఎత్తుగా బల్ల చేసిపెట్టాడు, వైర్‌లెస్ సెట్టు దాని మీద పెట్టుకుని నిలబడి పనిచేశాను. అయిదో నెలలో బుద్ధి గడ్డి తిని, స్నేహితుడి ఇంట్లో శుభకార్యానికి బండి మీద పన్నెండు కిలోమీటర్లు వెళ్ళొచ్చాను. ఆరు వారాలు వెనక్కి పోయాను. రిజిస్టరులో ఆ పేజీ ఇంకా ఉంది, ఎరుపు సిరాతో.

ఆ అక్టోబరులో బస్తరు దసరా. డెబ్బై ఐదు రోజుల పండుగ, రావణ దహనం ఉండదు, అంతా దంతేశ్వరి అమ్మవారిదే. రథం లాగుతుంటే మధ్యాహ్నం నుంచీ నిలబడి చూశాం. జనం కొంచెం పల్చబడ్డాక ఏదో మాట్లాడుకుంటున్నాం. ఉన్నట్టుండి మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఏమండీ, మీరు కూర్చున్నారు" అంది. చూసుకుంటే ఒక అరుగు మీద కూర్చునున్నాను. దిండు లేదు. ఎంతసేపయిందని అడిగితే, "నలభై నిమిషాలు. చెప్తే లేచిపోతారని చెప్పలేదు" అంది.

2019లో మన తెలుగు కుర్రాడొకడు, ఇరవై నాలుగేళ్ళవాడు, "అన్నా, నడుము నొప్పి, బైకు డ్యూటీ తప్పించమని చెప్పవా" అని వచ్చాడు. "నడుమా, కిందా?" అన్నాను. తల దించుకున్నాడు. రెండు నెలల క్రితమే మొదలైందట. అతనికి ఆపరేషను అవసరం రాలేదు. బండి మాన్పించి, మందులూ ఆ ఊపిరి వ్యాయామమూ చేస్తే ఏడాదిలోపే పెట్రోలింగుకి వెళ్ళాడు.

అలాగని ఆ చోట వచ్చిన ప్రతి నొప్పీ ఇదే అనుకోవద్దు. నెత్తురు పడినా, జ్వరం ఉన్నా, గడ్డ తగిలినా అది వేరే సంగతి. ఉన్నట్టుండి కూర్చునే భాగమంతా స్పర్శ పోయి, మూత్రం రాకపోయినా, ఆగకపోయినా ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తాలి, లీవు శాంక్షన్ కోసం చూడకూడదు.

నా సంగతి: పూర్తిగా పోలేదు. మార్కులు ఎనిమిది నుంచి రెండుకి వచ్చాయి, చలికాలంలో మూడు. బండి ఎక్కను. ఈ సభకి కూడా రైల్లో పై బెర్తు మీద పడుకునే వచ్చాను. ఎవరికైనా విడిగా అడగాలని ఉంటే, పేరు చెప్పక్కర్లేదు, "నడుము" అన్నా నాకు అర్థమవుతుంది. భోజనాలకి బంతిలో కూర్చోను. వరండాలో కిటికీ పక్కన ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటాను, అక్కడికి రండి.