క్లిప్పులు తీసేశాక రిటైనర్ మానేస్తే ఏమవుతుంది? పళ్ళు ఎందుకు లూజ్ అవుతాయి?

పోయిన వీడియోలో పళ్ళకి క్లిప్పులు ఏ వయసులో వేయించుకోవాలో మాట్లాడుకున్నాం కదా. ఈ రోజు క్లిప్పులు తీసేశాక ఏం చేయాలో మాట్లాడుకుందాం. చాలామంది "హమ్మయ్య, అయిపోయింది" అనుకునేది అక్కడే. అసలు కథ మొదలయ్యేదీ అక్కడే.

నేను డెంటిస్ట్‌ని. పుట్టి పెరిగింది కర్నూలు దగ్గర పల్లెలో, బీడీఎస్ చదివింది కడపలో. ముందు ఒక నిజం చెప్పేస్తాను. రిటైనర్ పెట్టుకోకుండా పళ్ళు చెడగొట్టుకున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. అది కూడా డెంటల్ చదువుతూ.

ఇంటర్ రెండో సంవత్సరంలో నాకు క్లిప్పులు వేశారు. ఎదురు పళ్ళు, కింద వరసలో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి. ఆ ఏడు బుడ్డలు అమ్మిన డబ్బులు నాయన దానికే పెట్టినాడు. బుడ్డలంటే శనక్కాయలు, మా వైపు అట్లే అంటాం. రెండేళ్ళు క్లిప్పులు ఉన్నాయి. బీడీఎస్ రెండో సంవత్సరంలో తీసేశారు. తీసిన రోజు అద్దంలో ఎన్నిసార్లు నవ్వుకున్నానో నాకే తెలీదు. డాక్టరు గారు పైకి ఒకటి, కిందికి ఒకటి ట్రాన్స్‌పరెంట్ ప్లేట్లు ఇచ్చి, "తినేటప్పుడు, బ్రష్ చేసేటప్పుడు తప్ప తీయొద్దమ్మా" అన్నారు. మూడు నెలలు బుద్ధిగా పెట్టుకున్నాను.

దసరా సెలవులకి కడప నుంచి కర్నూలు బస్సెక్కాను. మైదుకూరు దాటి ఆళ్ళగడ్డలో టిఫిన్‌కి ఆపారు. ప్లేట్లు తీసి పేపర్ న్యాప్‌కిన్‌లో చుట్టి దోశ పళ్ళెం పక్కన పెట్టాను. బస్సు హారన్ కొట్టింది, పరిగెత్తాను. నంద్యాల దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది. అప్పటికే ఆ న్యాప్‌కిన్ చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది.

ఇంట్లో చెప్పలేదు. మళ్ళీ చేయించుకోవాలంటే డబ్బులడగాలి, ఆ ఏడు వానల్లేవు. "పళ్ళు బాగానే ఉన్నాయి కదా, ఏమవుతుందిలే" అనుకున్నాను. నాయన ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు, "పళ్ళకి పెట్టుకునేది పెట్టుకుంటాండావా అమ్మా?" అని. "ఆ, పెట్టుకుంటాండా నాయనా" అనేదాన్ని. ఆరు నెలలు అదే అబద్ధం.

ఉగాదికి ఇంటికి పోయినాను. అమ్మ ఓళిగలు చేసింది. తింటూ ఏదో మాటకి నవ్వాను. నాయన నా వైపే చూసి, "ఏదీ, ఇంకోసారి నవ్వమ్మా" అన్నాడు. కింది ముందు పన్ను ఒకటి మళ్ళీ అడ్డం తిరిగింది. నాకు తెలుసు, రోజూ నాలుకకి తగులుతూనే ఉండేది. నాయన తిట్టలేదు. "పోయిందా?" అని ఒక్క మాట అడిగి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయినాడు. తిట్టుంటే బాగుండు అనిపించింది.

సరే, నా సంగతి అట్లుంచండి. అసలు పళ్ళు ఎందుకు వెనక్కి పోతాయో చూద్దాం.

పన్ను ఎముకలో మేకు కొట్టినట్టు బిగిసి ఉండదు. వేరుకి, ఎముకకి మధ్య సన్నటి పొర ఉంటుంది. దాని మందం దాదాపు 0.2 మిల్లీమీటర్లు. చిన్న చిన్న దారాల్లాంటి పోగులు పన్నుని అందులో వేలాడదీసినట్టు పట్టుకుంటాయి. క్లిప్పు పన్నుని ఒక వైపుకి నెట్టినప్పుడు, ఆ వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పడుతుంది. పన్ను జరగడం అంటే ఇదే. ఈ టైములో ఆ పొర వెడల్పవుతుంది. అందుకే క్లిప్పులున్నప్పుడు, తీసిన కొత్తలో పళ్ళు కొంచెం ఊగుతాయి.

క్లిప్పులు తీసిన రోజుకి పళ్ళు కొత్త చోటికి వచ్చేశాయి గానీ, అక్కడ ఇంకా కుదురుకోలేదు. వేరు చుట్టూ ఉన్న పోగులు సర్దుకోడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. చిగురులో ఉండే పోగులకి ఇంకా ఎక్కువ. వాటిలో రబ్బరులా సాగే పోగులు కొన్ని ఏడాదికి కూడా పూర్తిగా సర్దుకోవు. నార్వేకి చెందిన కారే రైటన్ అనే శాస్త్రవేత్త 1959లో కుక్కల మీద ఇది చూపించాడు. పళ్ళని తిప్పి అట్లే పట్టి ఉంచితే, 232 రోజుల తర్వాత కూడా చిగురు పోగులు సాగే ఉన్నాయి. అంటే అవి పన్నుని పాత చోటికి లాగుతూనే ఉంటాయి. వంకర తిరిగిన పళ్ళు ఎక్కువగా వెనక్కి పోయేది ఇందుకే.

మన ఊరి లెక్కలో చెప్పాలంటే, గుంజ పాతిన రోజే దానికి ఎనుమును కట్టేస్తామా? కట్టేయం. మన్ను గట్టిపడేదాకా ఆగుతాం. ఆ మన్ను గట్టిపడేదాకా గుంజని నిలబెట్టే చెయ్యే రిటైనర్.

"అయితే ఏడాది పెట్టుకుంటే చాలు కదా మేడం?" అని అడుగుతారు. చాలదు. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీలో రాబర్ట్ లిటిల్ అనే ప్రొఫెసర్, ఆయన టీమ్ పాత పేషెంట్లని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పిలిచి చూశారు. 1988లో వాళ్ళు రాసిన పేపర్ ప్రకారం, నాలుగు పళ్ళు తీయించి ట్రీట్‌మెంట్ చేయించుకున్న వాళ్ళలో, రిటైనర్ ఆపేసిన 20 ఏళ్ళకి కింది ముందు పళ్ళు బాగున్నాయి అనదగ్గ వాళ్ళు దాదాపు పది మందిలో ఒక్కరే. అసలు క్లిప్పులే వేయించుకోని వాళ్ళకి కూడా వయసుతో కింది పళ్ళు ఇరుకవుతాయి. మీ అమ్మానాన్నల కింది పళ్ళు ఒకసారి చూడండి, అర్థమవుతుంది. చాలామంది జ్ఞానదంతాలు నెట్టడం వల్లే ఇట్లవుతుంది అనుకుంటారు. జ్ఞానదంతాలు లేని వాళ్ళకి కూడా ఇట్లే అవుతుంది. అందుకని దాని మీద నింద వేసి రిటైనర్ మానేయకండి.

కాబట్టి ఎన్నాళ్ళు అంటే, పళ్ళు నేరుగా ఉండాలని ఎన్నాళ్ళు అనుకుంటే అన్నాళ్ళు. భయపడకండి, రోజంతా కాదు. మామూలుగా మొదటి మూడు నుంచి ఆరు నెలలు రోజంతా, తిండికి, బ్రష్‌కి మాత్రం తీయాలి. తర్వాత రాత్రి పడుకునేటప్పుడు. మీ డాక్టరు చెప్పిన లెక్క దీనికి కొంచెం వేరుగా ఉంటే, డాక్టరు చెప్పిందే చేయండి. మీ పళ్ళు చూసింది వాళ్ళే.

రిటైనర్లు మూడు రకాలు ఎక్కువగా ఇస్తారు. ఒకటి గులాబీ రంగు ప్లేటుకి ముందు తీగ ఉండేది, హాలీ రిటైనర్. చార్లెస్ హాలీ అనే ఆయన 1919లో చెప్పింది, ఇప్పటికీ వాడుతున్నాం. గట్టిగా ఉంటుంది, చాలాకాలం వస్తుంది. రెండోది నాకు ఇచ్చిన ట్రాన్స్‌పరెంట్ ప్లేటు. బయటికి కనబడదు, కానీ పగులుతుంది, అరుగుతుంది, మార్చుకుంటూ ఉండాలి. మూడోది ముందు పళ్ళ వెనక అతికించే సన్నటి తీగ. పెట్టుకోవడం మర్చిపోయే బాధ లేదు. కానీ ఒక పన్ను దగ్గర అతుకు ఊడినా మీకు తెలీదు, ఆ పన్ను మెల్లగా జరిగిపోతుంది. అందుకే రోజూ నాలుకతో తడిమి చూడండి. చెరకు, మటన్ బొక్కలు, గట్టి మురుకులు ముందు పళ్ళతో కొరకొద్దు.

ఇప్పుడు ఎక్కువమంది భయపడే విషయం. "మేడం, పళ్ళు లూజ్ అయ్యాయి, ఊడిపోతాయా?"

క్లిప్పులు తీసిన మొదటి కొన్ని వారాలు కొంచెం కదలడం మామూలే. రోజురోజుకి తగ్గాలి, అది ముఖ్యం. రెండు మూడు రోజులు మానేసి రిటైనర్ పెట్టుకుంటే పొద్దున్నే పళ్ళు బిగుతుగా, నొప్పిగా అనిపిస్తాయి. అదీ మామూలే. అంటే ఆ రెండు రోజుల్లోనే పళ్ళు జరగడం మొదలుపెట్టాయని మీకు రిటైనర్ చెప్తోంది. ఇంకొకటి, పన్ను ఊగుతోందా లేదా అని మాటిమాటికీ వేలితో ఊపి చూడకండి.

మామూలు కానిది ఏదంటే, కదలిక తగ్గకుండా పెరగడం, ఒక్క పన్నే ఎక్కువగా ఊగడం, బ్రష్ చేస్తే రక్తం రావడం, చీము, పన్ను పొడుగ్గా కనబడడం, కొత్తగా సందులు రావడం. ఇట్లాంటప్పుడు వెయిట్ చేయొద్దు, ఎక్స్‌రే తీయించాలి. కారణం చిగుళ్ళ జబ్బు కావచ్చు, పై పన్ను కింది పన్నుకి గట్టిగా తగులుతుండొచ్చు, కొందరికి ట్రీట్‌మెంట్‌లో వేరు కొన కొంచెం అరిగి ఉండొచ్చు.

నా దగ్గరికి ఒక డిగ్రీ అబ్బాయి వచ్చాడు. కింది పళ్ళు ఊగుతున్నాయి. రిటైనర్ వల్లే లూజ్ అయ్యాయి అనుకుని దాన్ని మానేశాడు. చూస్తే పళ్ళ వెనక గార రాయిలా గట్టిపడి ఉంది. దానికి తోడు రోజుకి రెండు మూడు గుట్కా ప్యాకెట్లు. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు లూజ్ అవుతాయంట కదా అక్కా" అని అన్నేళ్ళూ చేయించలేదు. ఇది మన దగ్గర పెద్ద అపోహ. గార పళ్ళని పట్టుకుని ఉండదు, చిగురుని తింటుంది. దాన్ని తీసినప్పుడు, అప్పటికే జరిగిన నష్టం బయటపడుతుంది, అంతే. క్లీనింగ్ చేసి, గుట్కా మానిపించి, చిగుళ్ళు తగ్గాక మళ్ళీ రిటైనర్ చేసిచ్చాం. కదలిక చాలావరకు తగ్గింది. పోయిన ఎముక మాత్రం తిరిగి రాలేదు.

ఇంక మన కర్నూలు, కడప వాళ్ళకి స్పెషల్‌గా రెండు మాటలు. ఒకటి ఎండ. మే నెలలో మన దగ్గర ఎండలు 43, 44 డిగ్రీలు కూడా దాటుతాయి. మూసిన కారులో, బైకు డిక్కీలో వేడి ఇంకా ఎక్కువ. ప్లాస్టిక్ రిటైనర్ అక్కడ పెడితే వంగిపోతుంది. వేడి నీళ్ళలో కడిగినా అంతే. రిటైనర్ నోట్లో పెట్టుకుని వేడి టీ తాగకండి. మంచినీళ్ళు తప్ప ఏం తాగినా తీసి తాగండి. కూల్‌డ్రింకులు, చక్కెర టీ రిటైనర్ లోపల నిలబడితే పళ్ళు పుచ్చుతాయి.

రెండోది బోరు నీళ్ళు. మన వైపు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, బక్కెట్టుకి పట్టినట్టే రిటైనర్‌కీ తెల్లగా పడుతుంది. రోజూ చల్లటి మంచినీళ్ళు, మెత్తటి బ్రష్, చుక్క సబ్బుతో కడగండి. పేస్ట్ వద్దు, గీతలు పడతాయి. తెల్లగా పట్టేస్తే వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి పావుగంట నానబెట్టి, బాగా కడిగి పెట్టుకోండి. హాలీ రిటైనర్‌కి తీగ ఉంటుంది కాబట్టి వెనిగర్ వాడేముందు డాక్టర్‌ని అడగండి.

రిటైనర్ ఉండాల్సింది రెండే చోట్ల. నోట్లో లేదా డబ్బాలో. న్యాప్‌కిన్‌లో కాదు, జేబులో కాదు, దిండు కింద కాదు. ఇంట్లో కుక్క ఉంటే ఇంకా జాగ్రత్త, ఆ వాసనకి అవి కొరికేస్తాయి.

పోగొట్టుకుంటే? అదే వారంలో డాక్టర్‌కి ఫోన్ చేయండి. కొన్నాళ్ళు మానేసి మళ్ళీ పెట్టుకోవాలంటే, వేలితో మెల్లగా నొక్కితే పూర్తిగా కూర్చుంటే పెట్టుకోండి. కూర్చోకపోతే పళ్ళతో కొరికి కూర్చోబెట్టొద్దు. ఆన్‌లైన్‌లో దొరికే కిట్‌లు కొని సొంతంగా చేసుకోవద్దు. మొదట చేయించుకున్న చోటికి పోలేకపోతే డెంటల్ కాలేజీలు ఉన్నాయి. కడపలో రిమ్స్ దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, కర్నూలులో జి. పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది. కొత్త రిటైనర్ ఖర్చు, మళ్ళీ క్లిప్పులు వేయించుకునే ఖర్చు ముందు చాలా తక్కువ.

నాకు ఆ లెక్క ఆలస్యంగా అర్థమయింది. కింది వరసకి మళ్ళీ ఆరు నెలలు క్లిప్పులు వేయించుకున్నాను. ఆ డబ్బులు కూడా నాయనే ఇచ్చినాడు. ఇప్పుడు నా కింది పళ్ళ వెనక తీగ ఉంది, పైదానికి రాత్రిళ్ళు ప్లేటు పెట్టుకుంటాను. నాయన ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతాడు, "పెట్టుకుంటాండావా అమ్మా?" అని. "ఆ" అంటాను. ఇప్పుడు నిజమే చెప్తున్నాను.

ఒకవేళ మీరు కూడా ఇంట్లో ఇట్లాంటి అబద్ధం చెప్తూ ఉంటే, ఈ రోజే చెప్పేయండి. నెల ఆలస్యమైతే కొత్త రిటైనర్‌తో సరిపోవచ్చు. ఆరు నెలలైతే నాలా మళ్ళీ క్లిప్పులు పడొచ్చు. వీడియో అయిపోయాక లేచి పోయి, రిటైనర్ డబ్బా ఎక్కడుందో చూసుకోండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.