చర్చా తరగతిలో నోరు విప్పుదాం



మా హాస్టల్ నుంచి పై చదువులకు వెళ్లిన పిల్లలు సెలవులకొచ్చి ఒకే మాట చెబుతారు: "మేడం, లెక్చర్ ఎలాగో రాసుకుంటాం. చర్చ పెట్టిన రోజు నోరు పెగలదు." ఇంట్లో కోయ, కువి, సవర, గోండి. బడిలో తెలుగు. అక్కడ ఇంగ్లీషు. భయం సహజమే. కానీ ఊరుకుంటే పోయేది మార్కులు మాత్రమే కాదు. మన గురించి ఇతరులు అన్నదే ఆ గదిలో నిలిచిపోతుంది.

ఒక ఉదాహరణ చూడండి. సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పిచ్చింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల గొడవ అది. 1959 నాటి 1వ రెగ్యులేషన్, 1970 సవరణ తర్వాత, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ 'వ్యక్తి' అయినా గిరిజనేతరులకు భూమి బదిలీ చేస్తే చెల్లదంటుంది. మరి ఆ 'వ్యక్తి'లో ప్రభుత్వం కూడా వస్తుందా? ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు వస్తుందన్నారు, ఒకరు ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాట మీద ఎన్నో ఊళ్ల భూమి ఆధారపడింది. కాబట్టి "సార్, ఇక్కడ ఈ మాటకు అర్థమేమిటి?" అని అడగడం చిన్నతనం కాదు. పెద్దవాళ్లకే ఏకాభిప్రాయం కుదరని చోట మీరు వేరే మాట చెప్పడం తప్పూ కాదు.

ఇక పద్ధతి. ఇచ్చిన పాఠం ముందురోజే చదవండి. కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: రచయిత ఏమంటున్నారు, మీకు అర్థంకానిదేమిటి, మీ ఊళ్లో చూసినదానితో అది ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ కలవదు. పేజీ నంబరు కూడా వేసుకోండి. మొదటి పది నిమిషాల్లోనే ఒక్క మాటైనా అనండి. ఆలస్యమయ్యేకొద్దీ భయం పెరుగుతుంది. ఇంగ్లీషు తట్టకపోతే "తెలుగులో చెబుతాను" అని అడగండి.

ఎవరైనా "పోడు వల్లే అడవి పోతోంది" అంటే కోపంతో లేచిపోకండి. "ఏ ప్రాంతం? ఎన్నేళ్లు బీడు వదిలే పోడు? ఆధారమేమిటి?" అని అడగండి. అలాగే గిరిజనులందరి తరఫునా జవాబు చెప్పాల్సిన బరువు మీది కాదు. "మా ఊళ్లో నేను చూసింది ఇది" అంటే చాలు. తోటివాళ్ల మాట కూడా పూర్తిగా వినండి. తరగతి అయ్యాక మిగిలిన సందేహంతో మాస్టారి గదికి వెళ్లండి.

మన ఊళ్లో పదిమంది కూర్చున్నప్పుడు అవ్వ మాట్లాడితే ఎవరూ వ్యాకరణం చూడరు, విషయం చూస్తారు. ఆ అలవాటు మనకు కొత్తది కాదు. వచ్చే చర్చకు ఒక్క ప్రశ్న రాసుకుని వెళ్లండి. అది అడిగాకే కూర్చోండి.