మతి చలించినవారియెడ గ్రామధర్మము



రామాయణము చదువుకొన్న పాఠకులకు అరణ్యకాండమునందలి యొక ఘట్టము సుపరిచితము. సీతను గానక శ్రీరాముడు చెట్టు చెట్టును పలుకరించును; మృగములను జాడ చెప్పుమని వేడును; తుదకు లోకములనే నాశ మొనర్తునని విల్లందుకొనును. వాల్మీకి యా దశను ఉన్మత్తుని దశతోనే పోల్చినాడు. అయినను లక్ష్మణుడు అన్నగారిని గేలి చేయలేదు, కట్టివేయలేదు, విడిచి పోలేదు. చెంతనే యుండి, మెల్లగా మాటలాడి, చేయవలసిన పనికి మరలించినాడు. మతి చలించినవారియెడ మెలగవలసిన తీరంతయు ఆ ఘట్టమున నున్నది.

అయితే వింతగా తోచిన ప్రతి నడవడియు వ్యాధి కాదు. పొలమునకు సర్వేరాయి యున్నట్లు మనస్సునకు హద్దురాయి లేదు. దుఃఖమున విలపించువాడు, ఒంటరిగా గోదావరి గట్టున కూర్చుండువాడు, పెండ్లి వలదనువాడు, పదిమందివలె దేవుని కొలువనివాడు వెఱ్ఱివారు కారు. సంఘమున చెల్లుబడియైన నీతికిని, ఆచారమునకును, మతవిశ్వాసమునకును భిన్నముగా నడచినంత మాత్రమున ఎవ్వరిని మనోరోగిగా నిర్ణయింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము శాసించుచున్నది.

మఱి రోగమేది? చరకసంహిత నిదానస్థానమునందు దీనికి సమాధానము గలదు. మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము అను ఎనిమిది చెదరుటయే ఉన్మాదమని అందు చెప్పబడినది. భక్తియనగా ఇచట ఇష్టము. 2017 చట్టము చెప్పిన లక్షణమును దీని పక్కన నుంచి చూడుడు. ఆలోచన, మనోభావము, ఇంద్రియగ్రహణము, దేశకాలముల ఎఱుక, జ్ఞాపకశక్తి అనువాని యందు గట్టి వైకల్యము కలిగి, వివేచనను, నడవడిని, వాస్తవమును గుర్తించు శక్తిని, నిత్యజీవనమును నెఱపు శక్తిని మిక్కిలి చెఱచినచో అది మానసికవ్యాధి. అనేక శతాబ్దముల యెడమున్నను ఈ రెండు లక్షణములును ఒక్క దిక్కునే చూపుచున్నవి.

కావున మనుష్యుని పొరుగువానితో పోల్చి చూచుట కాదు, వాని నిన్నటితోనే పోల్చి చూడవలయును. కలివిడిగా నుండెడివాడు నెలల తరబడి తలుపు మూసికొనుచున్నాడా? నిద్ర తప్పినదా? తిండి సహింపకున్నదా? ఎవ్వరును లేనిచోట మాటలు వినిపించుచున్నవా? అయినవారే విషము పెట్టుదురని భయపడుచున్నాడా? చేతనైన పని చేయలేకున్నాడా? 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను నేలమట్టము చేసినది. అట్టి ఆపద పిమ్మట గాలి హోరుకు ఉలికిపడుట సహజము. నెలలు గడచినను ఆ భయము తగ్గక, నిద్రను బ్రతుకుతెరువును మ్రింగివేసినచో అది వైద్యము కోరు బాధ.

దేహమున పుట్టిన రోగము సైతము మనస్సున కనబడవచ్చును. మూర్ఛ మెదడునకు సంబంధించిన వ్యాధి. చేతిలో తాళపుచెవులు పెట్టుటవలన అది నయము కాదు. ప్రసవమైన రెండు వారములలో బాలింతకు నిద్ర పట్టక, మాట తడబడి, బిడ్డనే శంకించినచో అది గాలి సోకుట కాదు; తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము కలిగింపగల వ్యాధి. ఏండ్లుగా త్రాగుచున్నవాడు ఒక్కమాఱు మానగా, రెండు మూడు దినములకు వణకుచు, లేని పురుగులను దులుపుకొనవచ్చును. అతనిని వేపమండల చెంతకు కాదు, తక్షణము ఆసుపత్రికి కొనిపోవలయును. ముదుసలి భోజనము చేసియు చేయలేదనుట మొండితనము కాకపోవచ్చును, మఱపురోగము కావచ్చును.

దయ్యము పట్టినదను మాటకు చరకసంహితయే ఏనాడో బదులు చెప్పినది. తన దోషమువలన తాను బాధపడని వానిని దేవతలుగాని పిశాచములుగాని బాధింపజాలవని దాని భావము. దేవునికి మ్రొక్కుకొనుట తప్పు కాదు. మ్రొక్కు తీఱువఱకు వైద్యము నాపుట తప్పు. 1952లో ఫ్రాన్సు దేశమున క్లోర్‌ప్రొమజైన్ అను మందు ఉన్మాదచికిత్సలో వాడుకకు వచ్చినది మొదలు ఎందఱో కుదుటపడి యిండ్లకు చేరినారు. రక్తపుపోటునకువలెనే కొందఱికి ఏండ్ల తరబడి మందు వలసియుండును. కుదిరినదని తామై మానివేయరాదు.

సంకెలవేయుట చికిత్స కాదు. తమిళనాడు ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న రోగులను గొలుసులతో కట్టియుంచిన పాక అంటుకొనగా 28 మంది మరణించిరి. మనోరోగిని ఏ విధముగను గొలుసులతో బంధింపరాదని 2017 చట్టము నిషేధించినది.

ఇక గ్రామము చేయు అపకారము మఱియొకటి గలదు. ఇంట జబ్బున్నదన్న సంబంధములు కుదరవని తలిదండ్రులు దాచుదురు. దాచినకొలది రోగము ముదురును. పెండ్లి చేసిన కుదురునని మఱికొందఱందురు. దానివలన ఒక బాధితుని స్థానమున ఇద్దఱు బాధితులగుదురు. వీథిలో పిల్లలు రాయి విసరినపుడు నవ్వు పెద్దలే ఆ రాయిని అందించినవారు.

చావవలెనను మాట నోట వచ్చినవానిని బెదిరింపు లని త్రోసివేయరాదు. నేరుగా అడుగుటవలన లేని తలంపు పుట్టదు. ఉన్న భారము దిగును. అట్టివానిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందు చేతి కందనీయరాదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మనోరోగ వైద్యవిభాగము గలదు. విశాఖపట్నము చినవాల్తేరున ప్రభుత్వ మానసిక వైద్యశాల గలదు. దిండి రేవు దాటి, రాజోలు దాటి అంతదూరము పోవుటకు రోగికి తోడు కావలయును. ఆ తోడు బంధువే కానక్కఱలేదు.

గ్రంథాలయమున కులము నడుగక బల్ల చూపుదురు. మతి చెదరి కుదిరినవాడు వచ్చినపుడును అట్లే బల్ల చూపి, నాటి పత్రిక చేతి కందించి, నిన్నటి సంగతి యడుగకుండుట పాఠకులు చేయగల చికిత్స. ఆ సంస్కారము ఈ రజతోత్సవమునకు శాశ్వతమైన గుర్తుగా నిలుచుగాక!