బేరింగ్ సముద్రం: వేటకు హద్దు, మాటకు చోటు

అలాస్కాకూ రష్యాకూ నడుమ, పసిఫిక్ మహాసముద్రానికి ఉత్తరపు అంచున ఉన్నది బేరింగ్ సముద్రం. చలికాలంలో దీని ఉత్తర భాగం గడ్డకడుతుంది. తూర్పు వైపు లోతు తక్కువగా ఉన్న విశాలమైన సముద్రతలం మీద పొలాక్, కాడ్ చేపలూ పీతలూ సమృద్ధిగా పెరుగుతాయి.

1976లో అమెరికా తెచ్చిన చట్టం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు చేపల వేటను క్రమబద్ధం చేసి, ప్రాంతీయ మండళ్లను ఏర్పరచింది. అలాస్కా జలాలకు ఉత్తర పసిఫిక్ మండలి ఉంది. శాస్త్రవేత్తలు ఏటా చేపల నిల్వలను అంచనా కడతారు. మండలి బహిరంగ సమావేశాల్లో పడవల యజమానులు, పర్యావరణవేత్తలు, మూలవాసులు తమ మాట వినిపిస్తారు. సముద్రపు అడుగున తిరిగే చేపల వేట ఏడాదికి మొత్తం 20 లక్షల టన్నులు మించకూడదు. 1992 నుంచి కోటాలో కొంత వాటా తీర గ్రామాలకు కేటాయిస్తున్నారు. నేడు 65 గ్రామాలు ఈ పథకంలో ఉన్నాయి.

ఇటీవల సమస్య జటిలమైంది. 2018, 2019లలో నీరు బాగా వేడెక్కింది. స్నో క్రాబ్ పీతలు కోట్ల సంఖ్యలో చనిపోవడంతో 2022లో మొదటిసారి వాటి వేటను నిలిపేశారు. బేరింగ్ సముద్రంలో కలిసే యూకాన్ నదికి తిరిగొచ్చే చినూక్ సాల్మన్ చేపలూ తగ్గిపోయాయి. వాటి మీదే బతికే యూపిక్ తదితర మూలవాసులు, పెద్ద ఓడల ట్రాల్ వలల్లో అనుకోకుండా పడే సాల్మన్‌కు మరింత కఠినమైన పరిమితి కోరుతున్నారు. వేడెక్కిన నీటి ప్రభావమే ఎక్కువని ఓడల వారి వాదన. చినూక్ కోలుకోవడానికి 2024లో అలాస్కా, కెనడా అధికారులు యూకాన్‌లో వాటి వేటకు ఏడేళ్ల విరామం ఇవ్వడానికి అంగీకరించారు.