గర్భస్థ శిశు పరీక్ష – తల్లి హక్కు

కడుపులోని బిడ్డ ఎట్లున్నదో తెలిసికొనవలెనని తల్లిదండ్రులు కోరుట సహజము. 1959లో ఫ్రెంచి వైద్యుడు లెజ్యూన్, తన సహచరులతో కలిసి, డౌన్ సిండ్రోమునకు అదనపు క్రోమోజోము కారణమని వెల్లడించెను. తరువాత ఉమ్మనీటిని పరీక్షించి దానిని ముందే గుర్తించుట సాధ్యమయ్యెను. నేడు తల్లి రక్తపరీక్షయే కొంత సూచన నిచ్చుచున్నది.

మన దేశమున ఈ విద్య పట్టిన పెడదారి మనకు సిగ్గుచేటు. రోగము నెరుగుటకు వచ్చిన పరీక్ష ఆడపిల్లను తొలగించుటకు సాధనమయ్యెను. ఆరేండ్లలోపు వారిలో వేయిమంది బాలురకు బాలికలు 1991లో 945 మంది యుండగా, 2001 నాటికి 927కు తగ్గిరి. 1994లోనే లింగనిర్ధారణను నిషేధించుచు శాసనము వెలువడినది. పరీక్షవలన కలుగగల హానిని తెలిపి, తల్లికి తెలిసిన భాషలో ఆమె వ్రాతపూర్వక సమ్మతిని పొందవలెనని కూడ అది విధించినది. ఈ రెండవ మాటను మనము తరచు మరచుచున్నాము.

మరి బిడ్డకు లోపమున్నదని తేలినచో? తీవ్రమైన లోపమని వైద్యమండలి నిర్ధారించినపుడు 24 వారములు దాటినను గర్భస్రావమునకు 2021 నాటి సవరణ అనుమతించినది. వికలాంగులకు సమానత్వమును, గౌరవమును 2016 నాటి శాసనము హక్కులుగా ప్రకటించినది. ఈ రెండును పరస్పర విరుద్ధములా? కావని మనము తలపవచ్చును. నిర్ణయము తల్లిదే. కాని అట్టి బిడ్డకు బడి లేక, వైద్యము లేక, ఇరుగుపొరుగువారి ఆదరము లేక పోయినచో, ఆమె నిర్ణయము స్వేచ్ఛతో చేసినది కాదు, భయముతో చేసినది. వైద్యుడు ఆమెకు లోపమును మాత్రమే గాక, ఆ లోపముతో జీవించుచున్న వారి బ్రదుకును గూర్చియు చెప్పవలెను. ఆ బ్రదుకును సుకరము చేయుట మన యందరి విధి.