పాత స్పోర్ట్స్ కారుకు వెడల్పు టైర్లు



బెంగళూరు నగరంలో ఆదివారం ఉదయం పూట కబ్బన్ పార్కు చుట్టుపక్కల అప్పుడప్పుడు ఒక పాత కారు కనిపిస్తుంది. ఎత్తు తక్కువ, ముక్కు పొడుగు, కూర్చోవడానికి రెండే సీట్లు. దీన్నే స్పోర్ట్స్ కారు అంటారు. ఈ బండ్లు మన పల్లెల్లో కనిపించకపోవచ్చు. కానీ హిందూపురం, మదనపల్లె, కోలారు, చింతామణి ప్రాంతాల నుంచి వెళ్ళి బెంగళూరు షెడ్లలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు కొందరు వీటి మీద చెయ్యి వేస్తూనే ఉన్నారు. కాబట్టి ఈ బండ్లకు వెడల్పు టైర్లు వేసేటప్పుడు అవి మడ్‌గార్డుకు రాసుకోకుండా ఎలా చూసుకోవాలో ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం. జీపుకైనా, మామూలు కారుకైనా ఇదే లెక్క వర్తిస్తుంది.

అసలు వెడల్పు టైరు ఎందుకు? ఒకటి, చూపుకు నిండుగా ఉంటుంది. రెండు, పాత కొలత టైర్లు దుకాణాల్లో సులభంగా దొరకవు. మూడు, ఎండిన రోడ్డు మీద మలుపుల్లో పట్టు పెరుగుతుందని ఆశ. అందులో కొంత నిజం ఉంది. అయితే వాన నీరు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరు త్వరగా తేలుతుంది. పవర్ స్టీరింగ్ లేని పాత బండిలో స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. కనుక వెడల్పు ఎంత ఎక్కువైతే అంత మేలన్నది సరికాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంగ్లండులో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎం.జి.బి. అనే రెండు సీట్ల కారుకు 14 అంగుళాల చక్రాలు ఉంటాయి. అందులో చాలా బండ్లకు 165 రేడియల్ టైర్లు వేస్తారు. 165 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఇప్పుడు యజమాని 185/70, ఆర్ 14 టైరు వేయమన్నాడనుకోండి. ఇక్కడ 185 వెడల్పు. 70 అంటే ఆ వెడల్పులో నూటికి 70 వంతులు టైరు పక్క గోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 14 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో.

లెక్క కట్టి చూడండి. 185లో 70 శాతం సుమారు 130 మిల్లీమీటర్లు. పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం 260. రిమ్ము 14 అంగుళాలు, అంటే 356 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 616, అంటే సుమారు 61న్నర సెంటీమీటర్లు. పాత 165 టైరు ఎత్తు సుమారు 62 సెంటీమీటర్లు. ఎత్తులో పెద్ద తేడా లేదు కాబట్టి స్పీడోమీటరు దాదాపు సరిగ్గానే చూపిస్తుంది. వెడల్పు మాత్రం 20 మిల్లీమీటర్లు పెరిగింది. అంటే లోపలికి 10, బయటికి 10. మనం వెతుక్కోవలసిన చోటు ఈ ఒక్క సెంటీమీటరే.

చక్రం నిటారుగా పైకి, కిందికి మాత్రమే కదిలితే ఈ పని సులువే. కానీ అది అలా కదలదు. ఎం.జి.బి.కి వెనుక ఒకే ఇరుసు, దాని కింద మన లారీల్లో మాదిరిగా కమాను కట్టలు ఉంటాయి. ఒక చక్రం హంపు ఎక్కితే ఇరుసు మొత్తం వాలుతుంది. మలుపు తిరిగితే కాస్త పక్కకు జరుగుతుంది. ఇక మద్రాసులో 1960లలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. దానికీ, దాని వరసకు చెందిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకూ వెనుక చక్రాలు వేటికవే ఊగుతాయి. చక్రం పైకి లేచినప్పుడు దాని పై అంచు లోపలికి వాలుతుంది. కాబట్టి బండి నిలబెట్టి చూసి "చాలా ఖాళీ ఉంది, పడుతుంది సార్" అనేయడం పని తెలిసినవాడి మాట కాదు.

మరి ఎలా కొలవాలి? ముందుగా బండిని సమతలమైన నేల మీద నిలపండి. టైరు పక్క గోడకూ మడ్‌గార్డు లోపలి అంచుకూ మధ్య ఖాళీని కుడివైపు, ఎడమవైపు విడివిడిగా కొలిచి రాసుకోండి. పాత బండ్లలో రెండు వైపులా ఒకేలా ఉండకపోవచ్చు. తర్వాత ఇరుసుకూ, దాని పైనున్న రబ్బరు దిమ్మకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. గట్టి కుదుపులో చక్రం కనీసం అంత ఎత్తుకు లేస్తుంది. అలా లేచినప్పుడు టైరు దేనికి తగులుతుందో ఊహించాలి. ముందు చక్రాలనైతే స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి.

టైరు వేశాక కూడా ఒక పరీక్ష ఉంది. మడ్‌గార్డు లోపల, తగులుతుందనుకున్న చోట్ల, వేలి మందాన మెత్తని బంకమట్టి ముద్దలు అంటించండి. ఇద్దరు మనుషులు కూర్చుని, పెట్రోలు ట్యాంకు నింపి, నాలుగు హంపులు, రెండు మలుపులు నెమ్మదిగా దాటి రండి. బెంగళూరులో హంపులకు కొదవ లేదు కదా! తిరిగి వచ్చాక మట్టి ఎక్కడ అణిగిందో, ఎంత మిగిలిందో చూస్తే అసలు ఖాళీ తెలిసిపోతుంది. మిగిలింది సెంటీమీటరు కన్నా తక్కువైతే పని ఇంకా పూర్తి కాలేదని అర్థం.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? ఈ టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు 1.93 మీటర్లు సాగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు ఎనిమిది చుట్లకు పైగా తిరుగుతుంది. రేకు అంచు తగులుతూ ఉంటే సెకనుకు అన్నిసార్లు కత్తి గీసినట్టే. పక్క గోడలో రబ్బరు పలుచన, దాని వెనకే దారాలు. అక్కడ తెగితే పంక్చర్ షాపులో అతికించడం కుదరదు. అనంతపురం రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు టైరు పేలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మందు సంగతి. మొదట చూడవలసింది టైరును కాదు, కమాను కట్టలను. ఏళ్ళ తరబడి మోసి కుంగిపోయిన కట్టలు, అరిగిన బుష్షులు ఉంటే సరైన టైరు కూడా రాసుకుంటుంది. ముందు వాటిని సరిచేయండి. రెండోది, టైరు కొలత తగ్గించండి. 185 పట్టకపోతే 175 వేసుకోవడం నామోషీ కాదు. మూడోది, రిమ్ము. చక్రాన్ని బిగించే ముఖం రిమ్ము మధ్య గీతకు ఎంత దూరంలో ఉందో దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. ఆ కొలత మారితే టైరు మొత్తం లోపలికో బయటికో జరుగుతుంది. బయట తగులుతుంటే స్పేసర్ బిళ్ళ వేయడం తప్పు, అది చక్రాన్ని ఇంకా బయటికి నెడుతుంది. 185/70 టైరుకు కనీసం నాలుగున్నర అంగుళాల రిమ్ము కావాలి. పాతకాలపు తీగల చక్రమైతే లోపల ట్యూబు తప్పనిసరి.

నాలుగోది, ఆఖరిది, మడ్‌గార్డు లోపలి అంచును నెమ్మదిగా పైకి మడవడం. రంగును కాస్త వేడి చేసి మడవకపోతే పగిలి, ఆ పగులులో తుప్పు పడుతుంది. 1990ల చివర వచ్చిన శాన్ స్టార్మ్ వంటి ఫైబర్ బండ్లకు ఈ మడత పనికిరాదు, విరిగిపోతుంది.

అంచును కోసేయడం మాత్రం వద్దు. ఎం.జి.బి. వంటి బండ్లలో బయటి రేకు, లోపలి రేకు అతుకు పడేది అక్కడే. అది కోస్తే బలం పోతుంది, బండి విలువ పోతుంది. 2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. బండి అసలు రూపంలోనే ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. అలాగే తయారీదారు నిర్ణయించిన దానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటనే స్థిరపరచింది.

చెప్పు పట్టలేదని కాలు కోసుకునేవారు ఉండరు. టైరు పట్టలేదని బండిని కోయడమూ అంతే. టైరు అరిగితే మరొకటి కొనవచ్చు. ఎప్పుడో తయారు కావడం ఆగిపోయిన బండి రేకు మళ్ళీ రాదు. జె.సి. రోడ్డుకు వెళ్ళి టైరు కొనేముందు జేబులో టేపు ఒకటి పెట్టుకోండి. దుకాణదారు మాట కన్నా ఆ టేపు మాట నమ్మండి.